గీటురాయి మార్చినపుడు

2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మన తెలుగు అక్షరమొకటి ప్రపంచ పత్రికల కెక్కినది. ‘జ్ఞా’ అను అక్షరము ఒకానొక విచిత్రమైన కూర్పులో సందేశముగా వచ్చినచో ఐఫోను దానిని తెరపై పేర్చబోయి, పేర్చజాలక, ఆ సందేశమును తెరచిన యాప్‌తో సహా కుప్పకూలుచుండెను. జకారము, పొల్లు, ఞకారము, కంటికి కనబడని ఒక విభాజక సంకేతము, ఆపై దీర్ఘము: ఈ ఐదు సంకేతములును ఆ వరుసలో కలిసినచో చాలును. ఆపిల్ సంస్థవారు ఆ మాసము 19వ తేదీన 11.2.6 అను సవరణ సంచికను విడుదల చేసి లోపమును తొలగించిరి. జ్ఞానమునకు మొదటి అక్షరమే అంతటి తెలివిగల యంత్రమును మూర్ఛిల్లజేసినదని నవ్వుకొనుటకు వీలైన ముచ్చటయే యిది.

కాని నవ్వు చల్లారిన పిదప ఒక ప్రశ్న మిగులును. అక్షరములను తెరపై పేర్చు ఆ భాగమును విడుదలకు ముందు నిపుణులు అనేక విధముల పరీక్షించియే యుందురు గదా. ఆ పరీక్షలన్నియు నెగ్గియే యుండును గదా. అయినను ఆ ఐదు సంకేతముల వరుస వారి వల తప్పించుకొన్నది. అనగా పరీక్ష నెగ్గుట వేరు, నిర్దోషముగా నుండుట వేరు. ఈ భేదమును మనస్సున నుంచుకొని, ప్రోగ్రాములను పరీక్షించు పద్ధతి ఎట్లు పుట్టి పెరిగినదో, ఒక లైబ్రరీ తన పరీక్షలను పాత సాధనమునుండి వేగవంతమైన క్రొత్త సాధనమునకు మార్చుకొనునపుడు ఏమేమి పోగొట్టుకొను ప్రమాదమున్నదో, ఇచ్చట కొంచెము విచారింతుము.

లైబ్రరీ యనగా ఇక్కడ పుస్తకములుండు చోటు కాదు. ఒకరు వ్రాసిపెట్టగా పదుగురు తమ ప్రోగ్రాములలో వాడుకొను సిద్ధపాకమునకు ఆ పేరు. ఈ పేరునకు పూర్వచరిత్ర కలదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మారిస్ విల్క్స్ ఆధ్వర్యమున నిర్మింపబడిన ఎడ్సాక్ అను కంప్యూటరు 1949 మే 6వ తేదీన మొదటి ప్రోగ్రామును నడిపెను. తరచుగా అవసరపడు గణనలను మరల మరల వ్రాయుట వృథాప్రయాస యని గ్రహించి, అచ్చటివారు వాటిని రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీలపై సిద్ధపరచి ఒక బీరువాలో భద్రపరచిరి. కావలసిన వారు కావలసిన పట్టీని తీసి, నకలు చేసుకొని, తమ ప్రోగ్రామునకు జోడించుకొందురు. ఆ బీరువాయే మొదటి లైబ్రరీ. విల్క్స్, వీలర్, గిల్ అను ముగ్గురును కలిసి 1951లో ఆ పద్ధతిని గ్రంథస్థము చేసిరి.

ఆ బీరువాతోపాటే దిగులును పుట్టినది. 1949లోనే విల్క్స్ ఎయిరీ సమీకరణమును సాధించుటకై ఒక ప్రోగ్రాము వ్రాసెను. అందున్నవి 126 పంక్తులు మాత్రమే. తప్పులు మాత్రము ఇరువది వరకు దొరలినవి. తన శేషజీవితములో చాలభాగము తన ప్రోగ్రాములలోని తప్పులను వెదకుకొనుటకే సరిపోవునని ఆనాడు మెట్లపై నడచుచుండగా స్ఫురించినట్లు ఆయన తరువాత స్మృతులలో వ్రాసికొనెను. ఒకని ప్రోగ్రాములో తప్పున్న ఆ ఒక్కనికే నష్టము. బీరువాలోని పట్టీలో తప్పున్నచో దానిని నకలు చేసుకొన్న ప్రతివానికిని నష్టమే. లైబ్రరీని వ్రాయువాని బాధ్యత ఇట్లు ఇతరులకంటె అధికము.

ఇది ఎంతటి బాధ్యతయో 2014వ సంవత్సరమున లోకమునకు తెలిసివచ్చినది. ఇంటర్నెట్టుపై రహస్య సంభాషణలను కాపాడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను లైబ్రరీలో, అవతలివారు తాము పంపినట్లు చెప్పిన పొడవును నిజముగా పంపిన పొడవుతో సరిచూడవలసిన చోట సరిచూడలేదు. పదిమాటలు పంపి అరువదివేలు పంపితిమని చెప్పినచో, మిగిలినదానిని తన జ్ఞాపకశక్తి నుండి తీసి అప్పగించుచుండెను. అందు ఇతరుల సంకేతపదములు సైతము ఉండవచ్చును. 2012 మార్చిలో విడుదలయైన ఈ లోపము 2014 ఏప్రిల్ వరకు బహిరంగము కాలేదు. ‘హార్ట్‌బ్లీడ్’ అని దానికి పేరిడిరి. సరిదిద్దుటకు కావలసినది పొడవును సరిచూచు కొలది పంక్తులు. పట్టుకొనుటకు కావలసినది, అబద్ధపు పొడవును పంపి చూచు ఒక చిన్న పరీక్ష.

ఇంతకును పరీక్ష యనగా నేమి? మన లిపినుండియే ఉదాహరణ తీసికొందము. ‘క్ష’ అను అక్షరము మన కంటికి ఒక్కటి. యూనికోడ్ పద్ధతిలో మాత్రము అది కకారము, పొల్లు, షకారము అను మూడు సంకేతముల కూడిక. పాఠములోని అక్షరములను లెక్కించు లైబ్రరీ యున్నదనుకొనుడు. దానికి ‘క్షీర’ అని ఇచ్చినచో రెండు అని చెప్పవలెను. ఇచ్చినది ఇది, రావలసినది ఇది, వచ్చినది సరియైనదా కాదా యని యంత్రమే చూచి చెప్పునట్లు వ్రాసిన చిన్న ప్రోగ్రామే పరీక్ష. ఇట్టివి వందలు, వేలు చేరును. వాటిని వెదకి పోగుచేసి, ఒక్కొక్కటిగా నడిపి, నెగ్గినవానిని పచ్చగాను ఓడినవానిని ఎర్రగాను చూపు సాధనమునకు టెస్టింగ్ ఫ్రేమ్‌వర్క్ అని పేరు. కంసాలి బంగారమును గీటురాయిపై గీసి చూచునట్లు, ప్రోగ్రామరు తన పనితనమును దీనిపై గీసి చూచుకొనును.

తొలినాళ్లలో ఇట్టి సాధనములు లేవు. ప్రోగ్రామును కార్డులపై పొడిచి, కట్టగట్టి, యంత్రమును నడుపువానికి అప్పగించి, ఫలితము కొరకు గంటలు, ఒక్కొక్కప్పుడు మరునాటి వరకు, నిరీక్షింపవలసి యుండెను. పరీక్ష యనగా వచ్చిన కాగితమును కన్నులతో చదివి చూచుకొనుటయే. 1968లో జర్మనీలోని గార్మిష్ పట్టణమున సమావేశమైన నిపుణులు సాఫ్ట్‌వేర్ నిర్మాణము అదుపు తప్పుచున్నదని ఆందోళన వెలిబుచ్చిరి. ఎన్ని పరీక్షలు నెగ్గినను దోషము లేదని నిశ్చయింపజాలమనియు, దోషము బయటపడినప్పుడే పరీక్ష దృఢముగా మాటాడగలదనియు హాలండు దేశీయుడైన డైక్‌స్ట్రా ఆ కాలముననే బోధించెను. 1979లో గ్లెన్‌ఫర్డ్ మైయర్స్ పరీక్షావిధానమునే విషయముగా ఒక గ్రంథము రచించి, తప్పులను కనుగొను ఉద్దేశముతో ప్రోగ్రామును నడుపుటయే పరీక్ష యని నిర్వచించెను. తప్పు లేదని చూపబోవువాడు తెలియకయే తప్పును తప్పించుకొని పోవు దారులు వెదకును. తప్పు పట్టబోవువాడు మాత్రమే ఇరుకు సందులలోనికి దూరి చూచును.

పరీక్ష వ్రాయుట ప్రోగ్రామరు నిత్యకృత్యముగా మారుటకు ముఖ్యకారకుడు అమెరికా దేశీయుడైన కెంట్ బెక్. స్మాల్‌టాక్ అను భాషలో పరీక్షలు వ్రాయుటకై ఎస్‌యూనిట్ అను చిన్న చట్రమును కల్పించి 1994లో దానిని గూర్చి ప్రకటించెను. 1997లో బెక్, ఎరిక్ గామా అను ఇరువురు జూరిచ్ నుండి అట్లాంటాకు విమానములో పోవుచు, ఆ ప్రయాణములోనే కూర్చుండి జావా భాషకు జేయూనిట్ అను సాధనమును వ్రాసిరి. అది చాల చిన్నది. ఆ చిన్నతనమే దాని బలమైనది. నెగ్గినచో పచ్చని పట్టీ, ఓడినచో ఎర్రని పట్టీ. శిశువునకైనను అర్థమగు భాష అది. స్వల్పకాలములోనే ఇతర భాషలకును అట్టి సాధనములు వచ్చినవి. 2001లో పైథాను భాష 2.1 సంచికలో ఆ వంశమునకే చెందిన యూనిట్‌టెస్ట్ చేరినది.

ఇక వేగము ప్రసక్తి. పరీక్షలు త్వరగా ముగియవలెనని ప్రోగ్రామర్లు ఏల పట్టుపట్టుదురు? తొందరపాటు మాత్రమే కారణమైనచో దానిని గూర్చి ఇంత చర్చ అనవసరము. పరీక్షలు పది సెకండ్లలో ముగిసినచో ప్రోగ్రామరు ఒక్క పంక్తి మార్చిన వెంటనే వాటిని నడుపును. ఎర్రబడినచో కారణము ఆ పంక్తియే. పదిహేను నిమిషములు పట్టినచో భోజనమునకు లేచునపుడు ఒకసారి నడుపును. అప్పటికి ముప్పది మార్పులు చేరియుండును, దోషి యెవరో వెదకుకొనవలెను. ఒక రాత్రి పట్టినచో తానే నడుపుట మానివేయును. అనగా పరీక్షల వేగము తగ్గిన కొలది వాటిని నడుపు సంఖ్య తగ్గును. ఆ సంఖ్య తగ్గిన కొలది తప్పునకును దానిని కనుగొనుటకును నడుమ ఎడము పెరుగును. మెల్లని పరీక్ష క్రమక్రమముగా లేని పరీక్ష యగును.

జావాస్క్రిప్ట్ భాష చరిత్రలో ఇది స్పష్టముగా కనబడును. 1995లో బ్రెండన్ ఐక్ ఆ భాషను పదిదినములలో రూపొందించినపుడు అది వెబ్ పుటలకు చిన్న చిన్న సొగసులు దిద్దుటకే ఉద్దేశింపబడినది. 2009లో ర్యాన్ డాల్ నోడ్ అను సాధనమును వెలువరింపగా, ఆ భాష బ్రౌజరు గడప దాటి స్వతంత్రముగా కంప్యూటర్లపై నడువసాగెను. 2010లో జాస్మిన్, 2011లో మోకా అను పరీక్షా సాధనములు వచ్చినవి. అదే 2011లో ఫేస్‌బుక్ సంస్థలో, అచ్చటి సంభాషణా సౌకర్యమును జావాస్క్రిప్టులో తిరిగి వ్రాయునపుడు, జెస్ట్ అను సాధనము పుట్టినది. 2014లో దానిని అందరికి ఉచితముగా వాడుకొనుట కిచ్చిరి. 2022లో దాని నిర్వహణ ఓపెన్‌జేఎస్ ఫౌండేషన్‌కు సంక్రమించినది.

జెస్ట్ చేసిన మేలు తక్కువది కాదు. అంతకు ముందు పరీక్షలను నడుపుట కొకటి, సరిపోల్చుట కొకటి, నకిలీ భాగములను కల్పించుట కొకటి చొప్పున సాధనములను ఏరి కూర్చుకొనవలసి యుండెను. జెస్ట్ వాటినన్నిటిని ఒక్కచోట అమర్చి పెట్టినది. ఒక పరీక్షాఫైలు చేసిన అల్లరి మరియొకదానికి అంటకుండ, ప్రతి ఫైలునకును వేరు లోకమును కల్పించి, అందులో కావలసిన భాగములన్నిటిని మరల మొదటినుండి పేర్చి నడుపును. ఈ ఎడబాటు వలన విశ్వాసము పెరుగును. అయితే ప్రతి ఫైలునకు ఆ పేర్పుడు ఖర్చు తప్పదు. లైబ్రరీ పెద్దదగు కొలది ఆ ఖర్చు కనబడును.

మరియొక చిక్కు కలదు. 2015లో జావాస్క్రిప్ట్ భాషా ప్రమాణమున, ఫైలులను ఒకదానితో నొకటి జోడించుటకు ‘ఈఎస్ మాడ్యూళ్లు’ అను పద్ధతి చేరినది. నోడ్‌లో అంతకు ముందునుండి వాడుకలో నున్నది ‘కామన్‌జేఎస్’ అను వేరు పద్ధతి. జెస్ట్ ఆ పాత పద్ధతిపై నిర్మింపబడినది. క్రొత్త పద్ధతిలో వ్రాసిన ప్రోగ్రామును ముందుగా పాత పద్ధతిలోనికి తర్జుమా చేసి, ఆ తర్జుమాను పరీక్షించుట దానికి వాడుక. ఇందువలన కాలము వ్యయమగుటయే గాక, మనము పరీక్షించునదియు, లోకమునకు పంపునదియు రెండు వేరు రూపములు కావచ్చునను శంకయు కలుగును. 2025లో వెలువడిన జెస్ట్ 30వ సంచికలో సైతము క్రొత్త పద్ధతికి నేరుగా ఇచ్చు మద్దతు ప్రయోగదశను దాటలేదు.

2020లో రెండు సంఘటనలు జరిగినవి. ఇవాన్ వాలెస్ గో భాషలో ఈఎస్‌బిల్డ్ అను తర్జుమా సాధనమును వ్రాసెను. అది పూర్వ సాధనములకంటె అనేక రెట్లు వేగము గలది. వ్యూ అను ప్రసిద్ధ లైబ్రరీ కర్తయైన ఇవాన్ యూ దానిని వినియోగించుకొని వైట్ అను నిర్మాణ సాధనమును ఆరంభించెను. వైట్‌తో తమ ప్రోగ్రాములను కట్టుకొనువారు పరీక్షలకు మాత్రము మరియొక సాధనమునకు మరియొక ఏర్పాటు వ్రాసికొనవలసి వచ్చినది. ఒకే ఇంటికి రెండు వంటిళ్లు ఎందుకని ఆంథొనీ ఫూ మున్నగువారు 2021 డిసెంబరులో వైటెస్ట్ అను పరీక్షా సాధనమును వెలువరించిరి. 1.0 సంచిక 2023 డిసెంబరులో వచ్చినది. నిర్మాణమునకు వాడు తర్జుమానే పరీక్షకును వాడుట, క్రొత్త మాడ్యూళ్లను నేరుగా గ్రహించుట, ఫైలు మార్చినపుడు దానిపై ఆధారపడిన పరీక్షలనే మరల నడుపుట దీని లక్షణములు. జెస్ట్‌కు అలవాటుపడినవారు తడబడకుండ డిస్క్రైబ్, ఇట్, ఎక్స్‌పెక్ట్ అను ఆ మాటలనే ఉంచిరి. 2023 నాటికి వ్యూ లైబ్రరీయే తన పరీక్షలను జెస్ట్‌నుండి వైటెస్ట్‌కు మార్చుకొన్నది. 2025లో ఆంగ్యులర్ అను మరియొక ప్రసిద్ధ సాధనము తన 21వ సంచికలో వైటెస్ట్‌నే సహజమైన పరీక్షా సాధనముగా స్వీకరించినది.

మాటలు అవియే గనుక మార్పు సుకరమని తోచును. జెస్ట్ అని యున్నచోట ‘వై’ అని వ్రాసిన చాలునని మేమును తలచితిమి. మేము కొందరము కలిసి తెలుగు పాఠమును అక్షరములుగా విడదీయు ఒక చిన్న లైబ్రరీని నిర్వహించుచుండగా ఈ మార్పునకు పూనుకొంటిమి. ఒక మధ్యాహ్నము పని ముగిసినది. పరీక్షలను నడుపగా అన్నియు పచ్చగా కనబడినవి. అంతకు ముందుకంటె ఎంతో త్వరగా ముగిసినవి. మేము మిక్కిలి సంతోషించితిమి.

మాలో ఒకరు మాత్రము సంతోషింపక, “మొత్తము ఎన్ని పరీక్షలు నడిచినవి?” అని అడిగిరి. పాత లెక్కతో సరిచూడగా క్రొత్త లెక్క తక్కువగా నున్నది. కారణము వెదకితిమి. ‘టెస్ట్స్’ అను ప్రత్యేకమైన పేరుగల ఫోల్డరులో నుంచిన ఫైలులన్నిటిని, వాటి పేరేదైనను, జెస్ట్ పరీక్షలుగా గ్రహించును. వైటెస్ట్ అట్లు కాదు. ఫైలు పేరులోనే ‘టెస్ట్’ అనియో ‘స్పెక్’ అనియో ఉండవలెను. మా ఫైలులలో కొన్నిటికి ఆ మాట లేదు. అవి ఓడలేదు, నెగ్గలేదు; పిలుపే అందుకొనలేదు. తరగతిలో హాజరు పిలువక, ఉన్నవారందరు ఉన్నారని సంతోషించు ఉపాధ్యాయుని వంటివారమైతిమి. మాకు కలిగిన వేగములో కొంతభాగము చేయని పనివలన కలిగినదే. ఆ విడువబడిన ఫైలులలో నున్నవి మరేవియో కావు, సంయుక్తాక్షరముల పరీక్షలే. మేము ఈ లైబ్రరీని ఆరంభించినదే వాటి కొరకు.

ఆ దినమునుండి మేము నాలుగు నియమములను పాటించితిమి. ఇవి మా సొంత ఆవిష్కారములు కావు. అనుభవజ్ఞులందరు ఏదో యొక రూపమున చెప్పునవే.

మొదటిది, లెక్క. మార్పునకు ముందు ఎన్ని పరీక్షలు, ఏ పేర్లతో నడిచినవో జాబితా వ్రాసికొని, తరువాతి జాబితాతో ఒక్కొక్క పేరును సరిచూడవలెను. పచ్చరంగు మాత్రమే సాక్ష్యము కాదు.

రెండవది, ఒక్కసారికి ఒక్క మార్పు. మేము పరీక్షా సాధనముతో పాటు నోడ్‌ను కూడ క్రొత్త సంచికకు మార్చితిమి. ‘క్షీర’ పరీక్షలలో కొన్ని ఎర్రబడినవి. నేరము క్రొత్త సాధనముదే యని రెండు దినములు దానినే నిందించితిమి. నిజమునకు కారణము వేరు. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1 సంచిక తెలుగు మొదలైన కొన్ని భారతీయ లిపులలోని సంయుక్తాక్షరములను విడదీయకుండ ఒక్క అక్షరముగా గణించు నియమమును చేర్చినది. అంతకు ముందు ‘క్షీర’ను యంత్రము మూడు ముక్కలుగా విరిచెడిది. క్రొత్త నోడ్ సరియైన లెక్క చెప్పుచుండగా, మా పాత పరీక్షలలో కొన్ని పాత తప్పునే ఒప్పుగా వ్రాసిపెట్టుకొని యున్నవి. రెండు మార్పులను విడివిడిగా చేసియుండినచో ఇది గంటలో తేలిపోయెడిది.

మూడవది, నమోదైన ఫలితములను కన్నుమూసి తిరుగవ్రాయరాదు. వచ్చిన ఫలితమును ఫైలులో భద్రపరచి, మరునాటి ఫలితమును దానితో పోల్చు ‘స్నాప్‌షాట్’ పరీక్షలు రెండు సాధనములలోను కలవు. అయితే వాటిలో పరీక్షల పేర్లను వ్రాయు తీరు కొంచెము మారినది. అందువలన పాతవి సరిపోలవు. అన్నిటిని ఒక్క ఆజ్ఞతో తిరుగవ్రాయ వచ్చును. అట్లు చేసినచో ఆ క్షణమున ప్రోగ్రాములో నున్న తప్పులన్నియు ఒప్పులుగా ముద్రపడును. ముందు పేర్లను మాత్రము మార్చి, ఫలితములలో తేడా వచ్చినచో దానిని చదివియే అంగీకరింపవలెను.

నాలుగవది, కావలెనని తప్పు చేసి చూడవలెను. ఇది 1978లో డిమిల్లో, లిప్టన్, సేవర్డ్ అను మువ్వురు ప్రకటించిన ఆలోచనకు సామాన్య రూపము. ప్రోగ్రాములో ఒక చిన్న దోషమును బుద్ధిపూర్వకముగా చొప్పించి, పరీక్షలు దానిని పట్టునా లేదా యని చూచుట. పట్టనిచో ఆ పరీక్ష ఉండియు లేనిదే. గీటురాయిని పరీక్షించుటకు దానిపై ఇత్తడిని గీసి చూచుటవంటి దిది.

ఈ నాలుగవ నియమము మాకు ఎదురుచూడని పాఠమును నేర్పినది. కంటికి కనబడని విభాజక సంకేతమును తొలగించు పంక్తిని మేము బుద్ధిపూర్వకముగా చెరిపితిమి. పాత సాధనముపై నడుపగా అన్నియు పచ్చగానే యున్నవి. క్రొత్తదానిపై నడుపగా, ఎవరును పట్టించుకొనని లోపమొకటి మిగిలిపోయినదని తెలిపి అది ఆగిపోయెను. పరికించి చూడగా, మేము ఏండ్ల క్రిందట వ్రాసిన పరీక్ష యొకటి జవాబు వచ్చువరకు వేచియుండక ముందుగానే ముగిసిపోవుచుండెను. జవాబు తప్పైనను ఒప్పైనను అది నెగ్గినట్లే లెక్క. అన్ని సంవత్సరములు ఆ పరీక్ష మౌనముగా కూర్చుండగా, మేము ఆ మౌనమును అంగీకారముగా భావించుచు వచ్చితిమి. క్రొత్త గీటురాయిని శంకించి పరీక్షింపబోయి, పాత గీటురాయి చూపునే కనుగొంటిమి. నిజమునకు ఆ లోపము జెస్ట్‌ది కాదు; వేచియుండుమని వ్రాయుట మరచినది మేము.

పాతదానిపై విశ్వాసము ఎంత ప్రమాదకరమో తెలుపు గొప్ప ఉదాహరణము చరిత్రలో నున్నది. 1996 జూన్ 4వ తేదీన ఐరోపా దేశముల వారి ఆరియాన్ 5 రాకెట్టు తన మొదటి ప్రయాణములోనే, సుమారు 40 సెకండ్లకు, ఆకాశమున బ్రద్దలైనది. ఆరియాన్ 4లో చక్కగా పనిచేసిన ప్రోగ్రాము భాగమును అందులో యథాతథముగా వాడిరి. క్రొత్త రాకెట్టు మార్గము వేరు, వేగము వేరు. 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల చోటులో ఇముడ్పబోగా అది పట్టలేదు. క్రొత్త మార్గపు కొలతలతో ఆ భాగమును పరీక్షించి యుండినచో లోపము నేలమీదనే బయటపడెడిది. ఒక పరిసరమున సంపాదించిన నమ్మకము మరియొక పరిసరమునకు దానంతట అది బదిలీ కాదు. ప్రోగ్రామునకు ఎట్లో దానిని పరీక్షించు సాధనమునకును అట్లే.

ఇంత చెప్పి, మార్పు వలదని మా అభిప్రాయము కాదు. పరీక్షలు నిమిషములనుండి సెకండ్లకు దిగినచో వాటిని నడుపు అలవాటు మారును; అలవాటు మారినచో లైబ్రరీ స్వభావమే మారును. మా అనుభవమును అట్టిదే. అంతకు ముందు దినమునకు రెండు మూడుసార్లు నడిపెడు వారము ఇప్పుడు ఫైలు భద్రపరచిన ప్రతిసారి ఫలితమును చూచుచున్నాము. అయితే ఈ మార్పు అందరికిని అవసరమని గాని, ఎల్లప్పుడును లాభకరమని గాని అనరాదు. కొలది పరీక్షలు గల లైబ్రరీకి దీనివలన కలుగు ఆదా స్వల్పము. జెస్ట్‌కే ప్రత్యేకమైన నకిలీ భాగముల పద్ధతులను విస్తారముగా వాడుకొన్నవారికి శ్రమ ఎక్కువ. వేగము కొరకు ఫైలుల నడుమ ఎడబాటును సైతము తీసివేయు సౌకర్యము వైటెస్ట్‌లో కలదు. దానిని ఆశించినచో ఒక పరీక్ష మిగిల్చిన మాలిన్యము మరియొకదానికి అంటవచ్చును. ఏమి ఇచ్చి ఏమి తెచ్చుకొనుచున్నామో తెలిసి చేయవలెను.

మన దేశమున తూనికలు, కొలతలు మారిన సందర్భము ఇచ్చట గుర్తునకు వచ్చును. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు వచ్చినవి; 1958 అక్టోబరునుండి వీశెలు, సేర్ల స్థానమున కిలోగ్రాములు ప్రవేశపెట్టబడినవి. ఒక్కనాటితో పాతవాటిని పారవేయలేదు. కొంతకాలము రెండును ప్రక్కప్రక్కనే చెల్లినవి. అణాకు ఇన్ని పైసలని, వీశెకు ఇన్ని గ్రాములని జనులు సరిచూచుకొనుచు క్రమముగా క్రొత్తవాటికి అలవాటు పడిరి. రెండు త్రాసులను ఒక్కచోట నుంచి ఒకే సరుకును రెండింటిపై తూచిన కాలమే మార్పులో ముఖ్యమైన కాలము. లైబ్రరీ పరీక్షలకును అట్టి కాలము కొంత కావలెను. రెండు సాధనములను కొన్నినాళ్లు జతగా నడిపి, రెండును ఒక్క మాట చెప్పుచున్నవని తేలిన పిదపనే పాతదానికి సెలవీయవలెను.

మా లైబ్రరీని వాడువారు ఎవరో మాకు తెలియదు. ఏ పాఠశాల పుస్తకమును ముద్రించుటకో, ఏ నిఘంటువును అకారాదిగా కూర్చుటకో వారు దానిని వాడుచుండవచ్చును. మేము ఏ సాధనముతో పరీక్షించితిమో వారు అడుగరు. ఎంత త్వరగా ముగిసినదో వారికి అక్కరలేదు. తమ భాషలోని అక్షరము చెదరకుండ రావలెనని మాత్రమే వారు కోరుదురు. ‘జ్ఞా’ అను అక్షరమునకు ఇప్పుడు మా లైబ్రరీలో ప్రత్యేకముగా ఒక పరీక్ష యున్నది. జకారము, పొల్లు, ఞకారము, విభాజకము, దీర్ఘము, అదే వరుసలో. ప్రతిసారి అది నడిచినదా లేదా యని ముందు జాబితాలో చూచుకొని, ఆ తరువాతనే అది పచ్చగా నున్నదా యని చూచుచున్నాము.